బ్యానర్ కొట్టింది నేనే, టీకా వేయించిందీ అక్కడే

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను రాయబోయే ఈ ఆడవాళ్ల క్లినిక్ వాళ్లు నా కస్టమర్లు. నాది ఖమ్మంలో ఫ్లెక్సీ, డీటీపీ, జిరాక్స్ షాపు. దసరాకు ముందు వాళ్ల మనిషి వచ్చి ఎనిమిది బై నాలుగు ఫ్లెక్సీలు రెండు కొట్టించుకున్నాడు. "మీ ఆడపిల్లకు ఇమ్యూనిటీ టీకా, క్యాన్సర్‌కు చెక్" అని మ్యాటర్, పక్కన పింక్ రిబ్బన్ బొమ్మ. పింక్ రిబ్బన్ రొమ్ము క్యాన్సర్‌కు గుర్తని, ఈ టీకా ఆపే గర్భసంచి మూతి క్యాన్సర్‌కు కాదని తర్వాత తెలిసింది. అప్పుడు నాకూ తెలియదు, వాళ్లూ చెప్పలేదు. డబ్బులు మొత్తం ఇచ్చారు, బాకీ లేదు. కాబట్టి ఇది కోపంతోనో మొహమాటంతోనో రాస్తున్నది కాదు. పేరు మాత్రం రాయను. ఊరు చిన్నది, రేపు వాళ్లు మళ్లీ బ్యానర్‌కు రావాలి కదా.

ఆ ఫ్లెక్సీ ఇంకా నేలమీద పరిచి ఉండగానే మా ఆవిడ క్యారేజీ తీసుకొచ్చింది. నిలబడి చదివి, "మన పాపకు పదమూడు నిండాయి కదండీ, మనమూ వేయిద్దామా?" అంది. నేను వెంటనే సరే అనలేదు.

బయటి ఊళ్లవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, ఖమ్మంలో ఈ టీకా పేరెత్తితే నా వయసువాళ్లకు పాత సంగతి ఒకటి గుర్తొస్తుంది. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి మా జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి ఈ హెచ్‌పీవీ టీకా వేయించాయి. హెచ్‌పీవీ అంటే ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. విచారణలో ఆ చావులకు టీకా కారణమని తేలలేదు. పాము కాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, ఇలాంటి కారణాలు బయటికొచ్చాయి. కానీ అనుమతి తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది. హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అప్పట్లో నేను ఒక జిరాక్స్ సెంటర్‌లో జీతానికి ఉండేవాణ్ణి. ఆ వార్తల కటింగులు ఎన్ని కట్టలు జిరాక్స్ తీశానో లెక్క లేదు. అందుకే నాకు సూది అంటే భయం లేదు గానీ సంతకం అంటే ఉంది.

సరే, దసరా సెలవుల్లో ఒక మంగళవారం ముగ్గురం వెళ్లాం. టోకెన్ 14. ఆడవాళ్ల ఓపీలో మగవాణ్ణి నేనొక్కణ్ణే. బయట కూర్చోమంటారేమో అనుకున్నాను, ఎవరూ అనలేదు. కుర్చీలు బాగున్నాయి, బాత్రూమ్ శుభ్రంగా ఉంది, ఫ్యాను కింద చోటు దొరకాలంటే మాత్రం తొమ్మిదిన్నరకే రావాలి. బరువు చూశారు, టెంపరేచర్ చూశారు. తర్వాత నర్సు ఒక ఫారం తెచ్చింది. రెండు పేజీలు, మొత్తం ఇంగ్లిష్. సంతకం చేయాల్సిన చోట్ల పెన్నుతో టిక్కులు పెట్టి, "ఇక్కడ, ఇక్కడ పెట్టండి సార్" అంది. ఒకసారి చదివి వినిపించమ్మా అన్నాను. "అందరూ పెడతారు సార్, మామూలు ఫారమే" అంది.

ఖమ్మంలో, ఈ టీకాకు, ఈ మాట! నేను పెట్టనన్నాను. పక్కన ఇంకో తల్లి అప్పటికే పెట్టేసి ఉంది. ఇంతకీ అందులో ఏముందన్నా అని నన్నే అడిగింది. నాకొచ్చిన ఇంగ్లిష్‌తో చదివి చెప్పాను. భయపడాల్సింది ఏమీ లేదు. కళ్లు తిరగొచ్చు, పావుగంట కూర్చోబెట్టాలి, చెయ్యి నొప్పి ఉండొచ్చు, ఫలానా అలర్జీలుంటే చెప్పాలి అని. ఈ నాలుగు ముక్కలు తెలుగులో చెప్పడానికి వాళ్లకేం కష్టమో అర్థం కాలేదు.

ఈ కబురు లోపలికి వెళ్లినట్టుంది. డాక్టరమ్మ పిలిపించి, "సంతకం పెట్టనన్నది మీరేనా?" అని నవ్వింది. నేను 2009 సంగతి ఎత్తాను. ఆవిడ తోసిపుచ్చలేదు, అప్పుడు జరిగింది తప్పేనంది. ఆ తర్వాత చెప్పిన ముక్క విని నేను కుర్చీలో ముందుకు జరిగాను. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల ఇంకో అధ్యయనం నడుస్తోందట. రెండు డోసులా, మూడు డోసులా అని తేల్చడానికి. ఖమ్మం గొడవతో 2010లో ఈ టీకా వేసే అధ్యయనాలన్నీ ఆగిపోయేసరికి, ఆ అధ్యయనంలో దాదాపు 5 వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసే పడి మిగతావి పడలేదు. వాళ్లను పదేళ్లపాటు చూస్తే, ఈ వైరస్‌లో 16, 18 నంబర్లున్న రెండు ప్రమాదకర రకాల నుంచి ఒక్క డోసు కూడా దాదాపు అంతే రక్షణ ఇచ్చిందని కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు సరిపోవచ్చని చెప్పడానికి పనికొచ్చిన లెక్కల్లో ఇదీ ఒకటి. మన దగ్గర లైసెన్సు ప్రకారం పదిహేను లోపు పిల్లలకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు కాబట్టి తాను రెండూ వేస్తానంది. ఒకటి చాలని కొందరు అంటున్నారనే సంగతి దాచిపెట్టకుండా చెప్పింది. వ్యాపారం చేసే మనిషిని కదా, ఈ నిజాయితీ నాకు వెంటనే కనబడుతుంది.

ఇక నేను అసలు ప్రశ్న అడిగాను. మేడమ్, బ్యానర్ మీద ఇమ్యూనిటీ టీకా అని కొట్టించారు, ఇమ్యూనిటీ అంటే ఇందులో ఏంటి? ఆవిడ బ్యానర్ సంగతికి తల పట్టుకుంది. తర్వాత పాతిక నిమిషాలు మాట్లాడింది, టోకెన్ 15 వాళ్లు తిట్టుకుని ఉంటారు. ఆవిడ చెప్పింది నాకు నా షాపు భాషలోనే ఎక్కింది, అలాగే రాస్తాను.

ఈ వైరస్ తలుపు పగలగొట్టే దొంగ కాదు, చప్పుడు చేయకుండా అద్దెకు దిగే రకం. కంటికి కనిపించని చిన్న గాట్లలోంచి గర్భసంచి మూతి దగ్గర చర్మంలో అడుగు వరస కణాల్లోకి దిగుతుంది. రక్తంలోకి వెళ్లదు. కణాన్ని పగలగొట్టదు. ఆ కణం తన మానాన తాను పైకొచ్చి రాలిపోతుంటే దానితోపాటే బయటికొస్తుంది. వాపు లేదు, జ్వరం లేదు, నొప్పి లేదు. కాబట్టి మన కాపలా కణాలకు కబురే అందదు. అందితే మాత్రం పని మొదలవుతుంది. డెండ్రిటిక్ కణాలని కొన్ని ఉంటాయి. అవి వైరస్ ముక్కను పట్టుకెళ్లి లింఫు గ్రంథుల్లో టీ సెల్స్ అనే రక్షణ కణాలకు చూపిస్తాయి. మా షాపులో "కనబడుట లేదు" కరపత్రాలు కొట్టి పంచుతారే, ఆ పనన్నమాట. ఫోటో చూసిన టీ సెల్స్‌లో కొన్ని సాయానికి పిలుస్తాయి, కొన్ని స్వయంగా వెళ్లి వైరస్ ఉన్న కణాన్ని చంపుతాయి. ఇలా పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు ఈ వైరస్ మాయమైపోతుంది. వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు.

ఆ మిగిలిన ఒక్కరి దగ్గరే తంటా. ఏళ్ల తరబడి ఉండిపోయిన వైరస్ కొన్నిసార్లు తన రాతను మన కణం ఒరిజినల్ ఫైల్‌లోనే పేస్ట్ చేసేస్తుంది. దానికి ఈ6, ఈ7 అని రెండు ప్రొటీన్లు. ఒకటి పీ53 అనే కాపలాదారుణ్ణి ముక్కలు చేయిస్తుంది, రెండోది ఆర్‌బీ అనే బ్రేకును పనిచేయనివ్వదు. ప్రింటర్‌కు స్టాప్ బటన్ పీకేస్తే ఎలా ఉంటుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయినా క్యాన్సర్ దాకా రావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువట. హెచ్‌ఐవీ తినేసేది ఆ సాయానికి పిలిచే టీ సెల్స్‌నే కదా. కాపలా ఎవరిదో ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి.

మరి టీకా ఏం చేస్తుందంటే, ఇదంతా జరగకముందే గేటు దగ్గర ఆపుతుంది. టీకాలో వైరస్ ఉండదు, వైరస్ పైతొడుగు ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. స్టాంపు అంటించి లోపల ఉత్తరం పెట్టని కవరు అన్నాను. "అదే" అంది. ఆ కవరు డిజైన్ చూసి బీ సెల్స్ అనే ఇంకో రకం రక్షణ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి, డిజైన్ గుర్తుపెట్టుకుంటాయి. అసలు వైరస్ వచ్చినప్పుడు కణంలోకి దిగకముందే ఆ యాంటీబాడీలు పట్టేస్తాయి. మా పాప అంతా విని, "బీ సెల్స్ కవరు చూస్తాయి, టీ సెల్స్ లోపల ఉత్తరం చదువుతాయి, అంతేనా మేడమ్?" అంది. డాక్టరమ్మ నావైపు చూసి, పాపను డీటీపీలో కూర్చోబెట్టకండి అంది.

ధర సంగతి. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావాక్‌కు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది, నాలుగు రకాల వైరస్‌లకు. డోసు 2 వేలు. బయటి దేశం నుంచి వచ్చే తొమ్మిది రకాల టీకా ఒక్కో డోసు 10 వేలు దాటుతుంది. గర్భసంచి మూతి క్యాన్సర్లలో 70 శాతం దాకా 16, 18 రకాల వల్లే. ఆ రెండూ రెండు టీకాల్లోనూ ఉన్నాయి. రెండూ ముందుపెట్టి, ఇది కొనండి అని తోయకుండా చెప్పారు. మేము 2 వేలదే వేయించాం. సూది వేసినందుకు 150, డాక్టర్ ఫీజు 400. పాపకు చెయ్యి రెండు రోజులు నొప్పెట్టింది, అంతే. ఫ్రిజ్‌లోంచి తీసి, ఎక్స్‌పైరీ తేదీ నాకు చూపించి వేశారు. ఇది మెచ్చుకోవాల్సిన విషయం.

మధ్యలో మా అన్నయ్య సంగతి కూడా అడిగాను. ఆయనకు హెపటైటిస్ బి. రక్తదానం క్యాంపులో బయటపడింది, 52 ఏళ్ల వయసులో. రోజుకో మాత్ర, ఆరు నెలలకోసారి స్కానింగ్. వదిన కషాయాలు కాచి పోస్తుంటుంది, "ఇమ్యూనిటీ పెరగాలి" అని. డాక్టరమ్మ చెప్పిన మాట అన్నయ్యకు ఫోన్‌లో చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆ వైరస్ లివర్ కణాలను తానుగా పెద్దగా చంపదట. వైరస్ ఉన్న కణాలను చంపేది మన టీ సెల్సే. పెద్దయ్యాక సోకితే అవి ఒక్క దెబ్బలో ఊడ్చేస్తాయి, నూటికి తొంభై అయిదుమందికి పైగా తగ్గిపోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి వస్తే, పసిబిడ్డ కాపలా దాన్ని శత్రువని గుర్తించదు. పదిమందిలో తొమ్మిదిమందికి ఉండిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో మేలుకుని సగం సగం కొట్లాట, ఏళ్ల తరబడి. గెలవవు, ఆగవు. ప్రతి కొట్లాటకు లివర్ మీద ఒక మచ్చ. కణాలు చస్తుంటే కొత్తవి హడావుడిగా పుడుతుంటాయి, ఆ హడావుడిలో అచ్చు తప్పులు, అవి పోగుపడితే లివర్ క్యాన్సర్. రాత్రి రెండింటిదాకా ఎన్నికల పోస్టర్లు కొట్టినవాడికి అచ్చు తప్పులు ఎలా వస్తాయో తెలుసు. అలా అలసిపోయిన టీ సెల్స్ మీద పీడీ-1 అనే బ్రేకు బిగుసుకుపోయి ఉంటుందట. ఇలాంటి బ్రేకులు వదిలించి క్యాన్సర్‌ను ఎదుర్కొనే దారి కనిపెట్టినందుకే 2018లో ఆలిసన్, హోంజో అనే ఇద్దరికి నోబెల్ వచ్చింది. ముదిరిన గర్భసంచి మూతి క్యాన్సర్‌లో కొందరికి ఇప్పుడు ఆ పీడీ-1 బ్రేకు వదిలించే మందు వాడుతున్నారు. మా అన్నయ్యకు దాంతో పనిలేదు, ఆయన మాత్ర వైరస్‌ను పెరగనివ్వకుండా ఆపుతుంది, అది మానకుండా వేసుకుంటే చాలంది.

అన్నయ్య పుట్టినప్పుడు ఆ వైరస్‌కు టీకానే లేదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు షాన్‌వాక్-బి తెచ్చాకే మామూలు ఇళ్లకు ఆ టీకా ధర అందుబాటులోకి వచ్చింది. మా పాపకు పుట్టిన రోజే వేశారు. అంటే తనకు క్యాన్సర్‌ను ఆపే టీకా ఒకటి ఇంతకుముందే పడిందన్నమాట, మాకే ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడ ఒప్పుకుంటేనే రాస్తున్నాను. పేరు వద్దంది, సంగతి రాయమంది, ఇంకొకరికి జరగకూడదని. ముప్పై దాటినవాళ్లకు హెచ్‌పీవీ టెస్టు మంచిదన్నారని తనకూ చేయించాం, 2,200. తొమ్మిదో రోజు రిపోర్టుకు వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి హాలంతా వినబడేలా "హెచ్‌పీవీ పాజిటివ్ ఎవరండీ?" అని పిలిచింది. మా ఆవిడ లేవలేదు. నేనే లేచి తీసుకున్నాను. బండి మీద ఇంటిదాకా ఒక్క మాట లేదు. శారీరక కలయికతో అంటుకునే వైరస్ కదా, రాత్రి పాప పడుకున్నాక, "ఇది ఎవరి వల్ల వచ్చిందంటారు?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తప్పు చేశానని కాదు, చేయలేదని ఎలా చూపించాలో తెలియక.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆ లెక్క తీయొద్దంది. ఈ వైరస్ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు అందరికీ తగిలేదే, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండగలదు, ఎప్పుడు వచ్చిందో ఏ టెస్టూ చెప్పదు అంది. మా ఆవిడ రిపోర్టులో వచ్చింది 16, 18 కాదు, మిగతా ప్రమాదకర రకాల్లో ఒకటి. పలుచని ఎసిటిక్ ఆసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, పూసి చూసింది. మార్పు వచ్చిన చోటు ఉంటే తెల్లగా తేలుతుందట. ఏమీ తేలలేదు. ఏడాది తర్వాత మళ్లీ టెస్టు. ఈలోపు నాకు టీకా వేయరా అని మా ఆవిడ అడిగింది. కణంలోపల ఉన్నదాన్ని టీకా తీయలేదంది. అడుగు వరస కణాల్లో దాగినప్పుడు వైరస్ ఆ పైతొడుగు వేసుకోదు, యాంటీబాడీ లోపలికి పోలేదు. అక్కడ పని టీ సెల్స్‌దే, వాటికి టైమివ్వాలి. ఈ మాటతో మా ఇంట్లో అన్నం ఉడికింది.

కౌంటర్‌లో అరిచిన సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. తర్వాత నుంచి నంబరుతో పిలుస్తున్నారు, చూశాను.

ఇంత చెప్పాక బయటికొస్తే మందుల కౌంటర్. చీటీలో మందులే లేవు, అయినా కుర్రాడు ఆరెంజ్ ఫ్లేవర్ పొడి డబ్బా తీసి ముందు పెట్టాడు. 1,380 రూపాయలు. "మేడమ్‌కు పాజిటివ్ కదా సార్, ఇమ్యూనిటీ పెంచుకోవాలి" అన్నాడు. పాజిటివ్ అని వాడికెలా తెలుసు? సరే, ఏ సెల్ పెరుగుతుంది బాబూ అన్నాను. "అన్నీ పెరుగుతాయి సార్" అన్నాడు. ఇంకు ఎక్కువ పోస్తే ప్రింటు బాగా రాదు, కాగితం తడుస్తుంది. మా అన్నయ్య లివర్‌ను మచ్చలు చేసింది కూడా ఆ ఇమ్యూనిటీయే. వెనక్కి వెళ్లి డాక్టరమ్మను అడిగితే, "అది నేను రాయలేదు, మీరు కొనకండి" అంది. మేనేజ్‌మెంట్ వేరు, తను వేరు అని అర్థమైంది.

నా మార్కులు: డాక్టరమ్మకు ఐదుకు ఐదు. నర్సింగ్‌కు నాలుగు, సూది వేసే చెయ్యి తేలిక. రిసెప్షన్‌కు రెండు. మందుల కౌంటర్‌కు సున్నా. వెళ్లేవాళ్లు మంగళ, శుక్రవారాల్లో పొద్దున్నే వెళ్లండి, టీకా ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. వేసుకున్నాక పావుగంట కూర్చోకుండా పిల్లను బండెక్కించకండి, మా పక్కనమ్మాయికి నిజంగానే కళ్లు తిరిగాయి.

ఫారం సంగతి చెప్పలేదు కదా. మొదటిరోజే డాక్టరమ్మతో అన్నాను, నేను తెలుగులో టైప్ చేసిస్తాను, డబ్బులొద్దు అని. ఆవిడ కూర్చుని మాట మాట సరిచూసింది. ఒక పేజీలో పట్టింది. మాస్టర్ కాపీ ఇచ్చాను. ఏప్రిల్‌లో రెండో డోసుకు వెళ్తే నర్సు అదే ఫారం ఇచ్చి, అడగకముందే చదివి వినిపించడం మొదలుపెట్టింది. సంతోషంగా సంతకం పెట్టాను. పెట్టి, కాగితం తిప్పి చూస్తే వెనకవైపు ఆరెంజ్ పొడి డబ్బా బొమ్మ, టీకా వేయించుకున్నవాళ్లకు పది శాతం తగ్గింపు. ఆ పేజీ డిజైన్ నాది కాదు.